అతిథి విద్యార్థికి ఆసరా ఏదీ?

ఒడిశా రాజధాని భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 2025 ఫిబ్రవరి 16న నేపాల్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని వసతి గృహంలో మరణించింది. తోటి విద్యార్థి వేధింపుల గురించి ఆమె అంతకు చాలాకాలం ముందే విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ సంబంధాల కార్యాలయానికి మొర పెట్టుకున్నదన్న సంగతి ఆ తరువాత వెలుగు చూసింది. న్యాయం కోరుతూ ఆందోళనకు దిగిన వందలాది నేపాలీ విద్యార్థుల చేత మరునాడే గదులు ఖాళీ చేయించారు. కొందరిని బస్సులలో తీసుకువెళ్లి కటక్ రైల్వే స్టేషన్‌లో దించివేశారు. చేతిలో టికెట్టు లేదు, కొందరి వద్ద పైకం కూడా లేదు. అప్పటి నేపాల్ ప్రధాని కె.పి. శర్మ ఓలి జోక్యం చేసుకుని ఢిల్లీలోని తమ రాయబార కార్యాలయం నుంచి ఇద్దరు అధికారులను భువనేశ్వర్‌కు పంపవలసి వచ్చింది. చివరకు యాజమాన్యం క్షమాపణ చెప్పి విద్యార్థులను వెనక్కు పిలిచింది. ఒడిశా ప్రభుత్వం ఉన్నతస్థాయి విచారణ సంఘాన్ని నియమించింది. ఇంత జరిగిన తరువాత, మే 1న, అదే ప్రాంగణంలో మరో నేపాలీ విద్యార్థిని మరణించింది.

ఈ ఉదంతంలో నేరం ఎవరిది, శిక్ష ఎంత అన్నది పోలీసులు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. వాటికి సంబంధం లేకుండా ఆలోచించవలసిన అంశం మరొకటి ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యాలయం లేకపోలేదు. బోర్డు ఉంది, సిబ్బంది ఉన్నారు, ఫిర్యాదు వారి బల్ల మీదకు చేరింది కూడా. కొరవడినది కార్యాలయం కాదు; దిక్కుతోచని స్థితిలో వచ్చిన పంతొమ్మిది, ఇరవై ఏళ్ల విద్యార్థి గోడు వినడమే తన పనిగా భావించే మనిషి. ఈ లోపం ఆ ఒక్క ప్రాంగణానిదే అనుకుంటే పొరపాటు. దేశంలోని చాలా విద్యాసంస్థలలో విదేశీ విద్యార్థుల విభాగం అంటే ప్రవేశ పత్రాలు, ఫీజు రసీదులు, వీసా ధ్రువపత్రాలు చూసే గుమాస్తా కొలువే.

కౌన్సెలింగ్ అన్న మాటకు మన సమాజంలో పట్టిన గతి కూడా ఇందుకు తగినట్లే ఉంది. తెలుగునాట ఆ మాట వినగానే తల్లిదండ్రులకు గుర్తుకు వచ్చేది ఎంసెట్ ర్యాంకుల ప్రకారం సీట్ల పంపకం. ఆ తరువాత గుర్తుకు వచ్చేది తాగి బండి నడిపిన వారికి పోలీసులు ఇచ్చే హితబోధ. కుంగిపోయిన మనసుకు సాంత్వన చెప్పి, చిక్కులో పడ్డవాడికి దారి చూపే వృత్తి ఒకటి ఉన్నదని, దానికి చదువూ శిక్షణా అవసరమని గుర్తించిన విద్యాసంస్థలు స్వల్పం. సొంత బిడ్డల విషయంలోనే ఇంత ఉదాసీనంగా ఉన్నచోట పరాయి దేశం నుంచి వచ్చిన వారికి ఏపాటి ఆదరణ లభిస్తుందో ఊహించడం కష్టం కాదు.

విధాన పత్రాలకు మాత్రం కొదవ లేదు. విదేశీ విద్యార్థులున్న ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వారిని స్వాగతించి సహాయపడేందుకు ప్రత్యేక కార్యాలయం ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం నిర్దేశించింది. ఉన్నత విద్య అంతర్జాతీయీకరణపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2021లో మార్గదర్శకాలు వెలువరించింది. అంతకు ముందే, 2018 ఏప్రిల్‌లో, కేంద్రం 'స్టడీ ఇన్ ఇండియా' పథకాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. 2023 నాటికి విదేశీ విద్యార్థుల సంఖ్యను 2 లక్షలకు చేర్చాలన్నది లక్ష్యం. తొలి రెండేళ్లకు 150 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ము ప్రధానంగా ప్రచారానికేనని ప్రభుత్వమే చెప్పింది. పెళ్లికి పిలుపులు పంపడానికి ఖర్చు పెట్టి, వచ్చినవారికి విస్తరి వేసే సంగతి మరచిపోవడం వంటిదే ఇది.

ఫలితం ఏమైంది? అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో దేశంలో 49,348 మంది విదేశీ విద్యార్థులు ఉన్నారు. 2020-21లో ఆ సంఖ్య 48,035కు, 2021-22లో 46,878కి తగ్గింది. కోవిడ్ ప్రభావాన్ని కాదనలేము. అయితే లక్ష్యంలో నాలుగో వంతుకు కూడా చేరకపోవడానికి కోవిడ్ ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. ఒక ప్రాంగణంలో తనకు జరిగిన ఆదరణ గురించి, లేదా అవమానం గురించి, ఒక విద్యార్థి ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాటకు ఏ ప్రకటనా సాటి రాదు. ఖాట్మండులోనో, కాబూల్‌లోనో, ఖార్టూమ్‌లోనో మరుసటి ఏడు బిడ్డను ఎక్కడికి పంపాలో నిర్ణయించేది ఆ మాటే.

ఇక్కడికి వచ్చేవారు ఎవరన్నది కూడా చూడాలి. విదేశీ విద్యార్థి అనగానే డాలర్లతో దిగే సంపన్నుడి రూపం మన కళ్లముందు మెదలుతుంది. వాస్తవం వేరు. 2021-22లో మొత్తం విదేశీ విద్యార్థులలో 28 శాతం నేపాల్ వారు. తరువాతి స్థానం అఫ్ఘానిస్థాన్‌ది. బంగ్లాదేశ్, భూటాన్‌ల నుంచి వచ్చేవారూ గణనీయంగా ఉన్నారు. సూడాన్, నైజీరియా, యెమెన్‌ల విద్యార్థులు కూడా మన కళాశాలలకు కొత్త కాదు. చాలామంది మధ్యతరగతి ఇళ్ల పిల్లలు. కొందరు భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే ఉపకారవేతనంతో చదివేవారు. ఇలా వచ్చి చదివి వెళ్లినవారే తరువాత తమ దేశాలలో ఉన్నత పదవులు అందుకున్నారు. అఫ్ఘానిస్థాన్ అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ సిమ్లాలో చదివారు. ఆంగ్ సాన్ సూకీ ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాల విద్యార్థిని. నేపాల్ ప్రధానిగా పనిచేసిన బాబురామ్ భట్టరాయ్ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. ఇరుగుపొరుగుతో మైత్రికి ఎన్ని రాయబార కార్యాలయాలు చేసే పని ఒక వసతి గృహం చేయగలదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

వీరిలో అత్యధిక సంఖ్యాకులైన నేపాలీల పరిస్థితి మరీ విచిత్రం. వారు భారత్‌లో ప్రవేశించడానికి వీసా అవసరం లేదు. విదేశీయుల నమోదు కార్యాలయం గడప తొక్కనక్కరలేదు. భూటాన్ వారికీ అంతే. రెండు దేశాల స్నేహానికి ఇది గుర్తు, అందుకు సంతోషించవలసిందే. కాని కళాశాలల విదేశీ విభాగాలు చేసే పని అంతా వీసాల చుట్టూ తిరుగుతున్నందువల్ల, వీసా అక్కరలేని విద్యార్థి వారి దృష్టికి ఆనడం లేదు. ఫీజు వసూలు చేసేటప్పుడు విదేశీయుడు, ఓదార్పు అవసరమైనప్పుడు స్వదేశీయుడితో సమానం. హిందీ కాస్తో కూస్తో వచ్చు గనుక వారికి ఇబ్బందులు ఉండవన్న భ్రమ కూడా ఒకటి. ఇల్లు వదిలి వెయ్యి మైళ్లు వచ్చిన పిల్లకు భాష వచ్చినంత మాత్రాన బెంగ తీరదు.

వీసా మీద వచ్చినవారి కష్టం ఇంకొక రకం. నూట ఎనభై రోజులకు మించిన వీసా ఉన్న విద్యార్థి వచ్చిన 14 రోజులలో పేరు నమోదు చేయించుకోవాలి. అద్దెకు దిగితే ఇంటి యజమాని 24 గంటలలో వివరాలు సమర్పించాలి. ఆ బాదరబందీ ఎందుకని చాలామంది యజమానులు విదేశీయులకు ఇల్లే ఇవ్వరు. బ్రిటిష్ కాలం నాటి మూడు చట్టాలనూ, 2000 నాటి మరో చట్టాన్నీ రద్దు చేసి తెచ్చిన వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది. విదేశీ విద్యార్థుల వివరాలను అధికారులకు అందజేయవలసిన బాధ్యతను అది విద్యాసంస్థలపై ఉంచింది. తన భూభాగంలో ఎవరున్నారో తెలుసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. దానిని ఎవరూ ఆక్షేపించరు. ఆక్షేపణీయమైనదల్లా, వివరాలు చేరవేసే అధికారినే విద్యార్థి తన గోడు చెప్పుకోవలసిన సలహాదారుగా కూడా నిలబెట్టడం.

ఈ రెండు పాత్రలూ ఒకే కుర్చీలో ఇమడవు. పరీక్ష తప్పితే మన విద్యార్థికి ఒక ఏడాది పోతుంది. విదేశీ విద్యార్థికి దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమవుతుంది. వీసా పొడిగింపునకు కళాశాల ధ్రువపత్రం కావాలి. హాజరు, చదువు సక్రమంగా ఉంటేనే ఆ పత్రం వస్తుంది. మనసు బాగోలేక నెల రోజులు తరగతికి వెళ్లని విద్యార్థి ఆ సంగతి ఎవరికి చెప్పుకోగలడు? హాజరు పట్టీ చేతిలో పట్టుకున్న అధికారికా? అందువల్ల దాచిపెడతాడు. దాచిపెట్టిన కొద్దీ వ్యవహారం ముదురుతుంది. చివరకు అది బయటపడేది పోలీసు నోటీసు రూపంలోనో, అంతకంటె దారుణంగానో.

ఏది చేయవచ్చు, ఏది చేయరాదు అన్న కనీస సమాచారం కూడా విద్యార్థులకు ముందుగా అందడం లేదనడానికి 2019-20 నాటి ఉదంతాలే తార్కాణం. పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనలు సాగుతున్న రోజులలో మద్రాసు ఐఐటీకి వచ్చిన ఒక జర్మన్ విద్యార్థిని, శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో చదువుతున్న ఒక బంగ్లాదేశ్ విద్యార్థినిని, కలకత్తా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని ఒక పోలండ్ విద్యార్థిని దేశం విడిచి వెళ్లమన్నారు. పోలండ్ విద్యార్థి హైకోర్టుకు వెళ్లగా 2020 మార్చిలో ఆ ఆదేశాన్ని న్యాయస్థానం కొట్టివేసింది. ప్రభుత్వ చర్య సబబా కాదా అన్న వివాదం అటుంచితే, న్యాయవాదిని ఆశ్రయించవలసిన స్థితికి ముందు ఒక సలహాదారు ఉండవలసింది కదా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

స్వదేశంలో సంభవించే ఉత్పాతాల ప్రభావం ఇక్కడి విద్యార్థిపై ఎలా పడుతుందో గత కొన్నేళ్లు కళ్లకు కట్టినట్లు చూపాయి. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైనప్పుడు పూణే, ఢిల్లీ, హైదరాబాద్‌లలోని అఫ్ఘాన్ విద్యార్థులకు ఒక్క రాత్రిలో ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది. సెలవులకు వెళ్లినవారి పాత వీసాలను భారత్ రద్దు చేయడంతో చదువులు మధ్యలో నిలిచిపోయాయి. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపు నిలిపివేసింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. అదే ఏడాది జూన్‌లో నైజీరియా తన కరెన్సీపై అదుపు సడలించడంతో నైరా విలువ కుప్పకూలింది. అక్కడి తండ్రి అదే మొత్తం పంపినా ఇక్కడి ఫీజుకు చాలని పరిస్థితి. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలిపోయింది. ఇరుదేశాల మధ్య వీసాల మంజూరు కుంచించుకుపోయింది.

ఇటువంటి వేళ విద్యార్థి ఏం చేయాలి? విద్యార్థి వీసా మీద ఉద్యోగం చేయడం నిషిద్ధం. పూట గడవడానికి దొడ్డిదారిన ఏదో పనిలో చేరితే చట్టం ఉల్లంఘించినట్లే. చేరకపోతే పస్తు. ఫీజు గడువు పొడిగించమని అడగడానికి ఏ అధికారిని కలవాలో తెలియదు. మన నగరాలలో విదేశీ విద్యార్థులు పక్కదారి పట్టారని వార్తలు వచ్చినప్పుడల్లా ఆ దేశం వారంతా అంతేనన్న తీర్పు తేలికగా ఇచ్చేస్తాము. తప్పు చేసినవారిని వెనకేసుకు రావలసిన పని లేదు. కాని వారిలో ఎందరిని ఆ దారి పట్టకముందే ఒక సకాల సలహా, ఒక వాయిదా సౌకర్యం, ఒక చిన్న అత్యవసర నిధి ఆపగలిగేవో ఎవరూ లెక్క తీయలేదు.

ఆతిథ్యం ఇచ్చే సమాజం సంగతి కూడా ప్రస్తావించక తప్పదు. 2016 జనవరి 31న బెంగళూరులో, తనకు ఏ సంబంధమూ లేని ఒక రోడ్డు ప్రమాదానికి ప్రతీకారంగా టాంజానియా విద్యార్థినిపై ఒక గుంపు దాడి చేసింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక యువకుడి మృతి దరిమిలా నైజీరియా విద్యార్థులను చితకబాదారు. 2024 మార్చి 16న అహ్మదాబాద్‌లోని గుజరాత్ విశ్వవిద్యాలయం వసతి గృహ ఆవరణలో రంజాన్ నమాజు చేసుకుంటున్న విదేశీ విద్యార్థులపై దాడి జరిగింది. గాయపడి ఆసుపత్రి పాలైనవారిలో శ్రీలంక, తజికిస్థాన్ విద్యార్థులు ఉన్నారు. ఇలా జరిగిన ప్రతిసారీ విదేశీ విద్యార్థులకు స్థానిక ఆచారాలపై అవగాహన కల్పించాలన్న ఉపదేశాలు వినవస్తాయి. దెబ్బలు తిన్నవాడికి మర్యాదలు నేర్పడం వింత న్యాయం. వసతి గృహపు కావలివాడి నుంచి వార్డెన్ వరకు, పక్క గదిలోని విద్యార్థి నుంచి వీధి చివర దుకాణదారు వరకు అవగాహన అవసరమైనది ముందుగా మనవారికే. రంగును బట్టి మనిషికి పేరు పెట్టే అలవాటు మన కళాశాలలలో ఎంత సహజమై పోయిందో గమనిస్తే ఈ మాట కటువుగా తోచదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ సమస్య దూరపు కొండ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా ఇరాన్, యెమెన్, సూడాన్, సోమాలియా వంటి దేశాల విద్యార్థులకు నెలవుగా ఉన్నది. హైదరాబాద్‌లోనే ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఆంగ్లం నేర్వడానికి వస్తుంటారు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ విదేశీ విద్యార్థుల సంఖ్య చెప్పుకోదగ్గదే. టోలిచౌకి పరిసరాలలో ఇరుకు గదులలో ముగ్గురు నలుగురు కలసి ఉండే ఆఫ్రికా, అరబ్ విద్యార్థులు హైదరాబాద్ వాసులకు చిరపరిచితులే. పరిచయం చూపులతోనే ఆగిపోవడం విషాదం. తరగతిలో అధ్యాపకుడు పాఠం మధ్యలో తెలుగులోకి జారుకుంటే వెనుక బెంచీలో కూర్చున్న యెమెన్ విద్యార్థి ఏమి కోల్పోయాడో పట్టించుకునేవారు లేరు. వారికి తమ దేశస్థులైన పెద్ద విద్యార్థులే సలహాదారులు, బ్యాంకర్లు, న్యాయవాదులు. ఆ పెద్ద విద్యార్థి చదువు ముగించుకు వెళ్లిపోతే ఆ ఆధారమూ పోతుంది.

ఈ విషయంలో మనకు అనుభవజ్ఞానం లేదని చెప్పడానికి వీలులేదు. పరాయి గడ్డ మీద సలహా లేక నష్టపోయినవారిలో తెలుగువారే ముందున్నారు. 2024 నాటికి విదేశాలలో చదువుతున్న భారతీయుల సంఖ్య 13 లక్షలు దాటింది. అంటే ఇక్కడికి వచ్చే ఒక్కొక్కరికి ఇంచుమించు ఇరవై ఎనిమిది మంది ఇక్కడి నుంచి వెళుతున్నారన్న మాట. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు వీధిన పడినవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తొడిగినప్పుడు దేశం యావత్తు ఆక్రోశించింది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. అమెరికా ప్రభుత్వమే వలపన్ని నెలకొల్పిన ఆ నకిలీ సంస్థలో చేరి అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోనూ తెలుగువారే ఎక్కువ. దళారి మాటే సలహాగా, తోటివాడి అనుభవమే ధ్రువపత్రంగా చెలామణి అయినచోట ఇంతకంటె భిన్నంగా జరగదు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ బోర్డులు వీధికి పది కనిపిస్తాయి. వాటిలో వీసా వచ్చిన తరువాత విద్యార్థి మంచిచెడ్డలు చూసేవి ఎన్ని?

అమెరికాలో విదేశీ విద్యార్థి సలహాదారు అన్నది గుర్తింపు పొందిన వృత్తి. 1948లోనే వారికి జాతీయ సంఘం ఏర్పడింది. బ్యాంకు ఖాతా తెరవడం మొదలు ఒంటరితనం వరకు అన్నిటా తోడుండడం వారి పని. అయితే 2001 సెప్టెంబర్ దాడుల అనంతరం, 2003 నుంచి, ప్రతి విదేశీ విద్యార్థి వివరాలనూ కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో నమోదు చేసే బాధ్యత కూడా వారి కార్యాలయాలపైనే పడింది. ఆ నాటి నుంచి విద్యార్థులు అక్కడ మనసు విప్పడానికి వెనుకాడుతున్నారన్న అభిప్రాయం ఉన్నది. 2025 మార్చి, ఏప్రిల్‌లలో ట్రంప్ ప్రభుత్వం వేలాది విద్యార్థుల నమోదును ఉన్నపళంగా రద్దు చేసినప్పుడు చాలా విశ్వవిద్యాలయాలకు ఆ సమాచారం కూడా అందలేదు. సలహాదారులే రోజూ జాబితాలు తిరగవేసి, పేరు గల్లంతైన విద్యార్థికి కబురు చేశారు, న్యాయవాదులను చూపించారు. కోర్టుల జోక్యంతో నెలాఖరుకు పునరుద్ధరణ మొదలైంది. గూఢచారిగా మారే ప్రమాదమూ, గొడుగుగా నిలిచే అవకాశమూ ఒకే కార్యాలయంలో ఎలా ఉంటాయో ఈ అనుభవం చూపుతున్నది. అక్కడ కనీసం మానసిక వైద్య సహాయ కేంద్రం విడిగా, గోప్యత నియమంతో పనిచేస్తుంది. ఆ మాత్రం విభజన మన దగ్గర లేదు.

మన విద్యార్థులకే దిక్కు లేనప్పుడు విదేశీయులకు ప్రత్యేక సలహాదారులెందుకన్న ఆక్షేపణ రాకమానదు. అది కొట్టిపారేయదగినది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో 13 వేలమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో వైద్య విద్య ప్రవేశ పరీక్షకు తయారవుతున్న ఒక బాలిక మరణంపై దాఖలైన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు నిర్దేశించింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలన్నది. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం కలిగి ఉండాలన్నది. బలహీన వర్గాలు, వికలాంగులు తదితరుల పట్ల ప్రత్యేక శ్రద్ధ వహించాలని కూడా ఆదేశించింది. విదేశీ విద్యార్థుల ప్రస్తావన అందులో విడిగా లేదు. కాని వారు ఆ సంస్థల విద్యార్థులే గనుక ఆ రక్షణ వారికి వర్తించదనడానికి కారణం కనిపించదు. ఇద్దరికీ కావలసినది ఒకటే వ్యవస్థ. అదనంగా కావలసినది భాష తెలిసినవారు, వీసా నిబంధనలు ఎరిగినవారు మాత్రమే. కేంద్రం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి-మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోన్ చేస్తే భారతీయ భాషలలో సలహా లభిస్తుంది. దరీ, అరబ్బీ, స్వాహిలీ మాట్లాడే విద్యార్థి అర్ధరాత్రి ఏ భాషలో ఏడవాలి?

దీనికి కొండంత ఖర్చు అవసరం లేదు. ప్రతి కళాశాలా విడివిడిగా నిపుణులను నియమించుకోవడం అసాధ్యమే. అయిదుగురో పదిమందో విదేశీ విద్యార్థులున్న సంస్థలు అనేకం. ఒక నగరంలోని విశ్వవిద్యాలయాలు కలసి ఉమ్మడిగా ఒక సలహా కేంద్రాన్ని నడపవచ్చు. హైదరాబాద్, పూణే, బెంగళూరు, ఢిల్లీ వంటి చోట్ల ఇది వెంటనే సాధ్యం. ఆ కేంద్రానికి నమోదు పనులతోగాని, హాజరుతోగాని ప్రమేయం ఉండరాదు. ప్రాణాపాయం ఉన్న సందర్భంలో తప్ప అక్కడ చెప్పిన మాట బయటకు పొక్కరాదు. ఇప్పటికే ఉచితంగా ఆ పని నెత్తిన వేసుకున్న సీనియర్ విద్యార్థులకు కొద్దిపాటి శిక్షణ, గౌరవ వేతనం ఇస్తే భాష సమస్య సగం తీరుతుంది. విదేశీయుల నుంచి విద్యాసంస్థలు అధిక ఫీజు వసూలు చేస్తున్నాయి. 2022 నుంచి వారికోసం 25 శాతం దాకా అదనపు సీట్లు సృష్టించుకునే వెసులుబాటు కూడా వాటికి లభించింది. ఆ రాబడిలో ఒక భాగాన్ని సలహా కేంద్రానికి, అత్యవసర నిధికి విధిగా కేటాయించాలని షరతు పెట్టడం అన్యాయం కాబోదు. ప్రచారానికి కోట్లు వెచ్చించిన కేంద్రం కూడా తన వాటా ఇవ్వాలి. వీసా అవసరం లేని నేపాల్, భూటాన్ విద్యార్థులను ఈ లెక్కలో మొదటి వరుసలో చేర్చాలి.

ఉపకారవేతనాలిచ్చే సాంస్కృతిక సంబంధాల మండలి తన విద్యార్థుల యోగక్షేమాలు విచారించడానికి ప్రాంతీయ కార్యాలయాలను నడుపుతున్నది. సొంత ఖర్చుతో వచ్చే అధిక సంఖ్యాకులకు ఆ పాటి అండ కూడా లేదు. వేధింపుల ఫిర్యాదు అందినప్పుడు రాజీ కుదర్చడం అంతర్జాతీయ కార్యాలయాల పని కాదనీ, చట్టప్రకారం ఏర్పడిన ఫిర్యాదుల సంఘానికి దానిని పంపి, బాధితురాలికి తోడు ఉండడమే వారి విధి అనీ స్పష్టమైన ఉత్తరువు జారీ కావాలి. భువనేశ్వర్ ఉదంతం తరువాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘం కూడా విచారణ జరిపించింది. ఆ విచారణ ఒక్క సంస్థ తప్పొప్పులతో ఆగిపోనక్కరలేదు. వచ్చే ఏడాది ప్రవేశ ప్రకటనలలో ఫీజు పట్టిక పక్కనే సలహాదారు పేరు, రాత్రివేళ కూడా పలికే ఫోన్ నంబరు ముద్రించాలనీ, అవి లేని సంస్థకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉండదనీ ఆదేశించడానికి నిధుల సంఘానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.